సొంతంగా కూర్చుకున్న కంప్యూటర్‌లో కేబుళ్లను సర్దుకునే పద్ధతి

విడిభాగాలు కొనుక్కొని ఇంట్లోనే కంప్యూటర్ కూర్చుకునేవారిలో ఎక్కువమంది కేబుళ్ల సంగతిని చిట్టచివరికి వాయిదా వేస్తారు. మదర్‌బోర్డు బిగించి, గ్రాఫిక్స్ కార్డు పెట్టి, కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చిన కనెక్టర్లన్నీ అందిన దారిన తగిలించి, తెరమీద మొదటి వెలుగు చూశాక, అప్పుడు గుప్పెడు కేబుల్ టైలు తీసుకొని కనబడిన వైరునల్లా కట్టలు కడతారు. ఆ దశకు వచ్చేసరికి ప్రతి కేబులూ ఏ రంధ్రం గుండా వచ్చిందో, ఎటు వంగిందో తేలిపోయి ఉంటుంది కాబట్టి, కట్టడం వల్ల చిక్కు విడిపోదు. ఉన్న చిక్కే గట్టిపడుతుంది. జడ వేసేవారెవరూ చిక్కు తీయకుండా పాయలు విడదీయరు. ఇక్కడ కూడా దారులు చూసుకోవడం ముందు పని, ముడి వేయడం ఆఖరి పని. కింద చెప్పినదంతా ఆ వరుస గురించే.

అసలు ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు గాలి ప్రసరణ. అది ఒకప్పటి కంప్యూటర్లకు నూటికి నూరు పాళ్లు వర్తించే మాట. అప్పట్లో హార్డ్ డిస్కుకూ సీడీ డ్రైవుకూ 5 సెంటీమీటర్ల వెడల్పున రిబ్బను లాంటి ఐడీఈ కేబుళ్లు ఉండేవి. అవి క్యాబినెట్ మధ్యలో కర్టెన్లలా వేలాడుతూ గాలికి అడ్డం పడేవి. 2003లో సాటా ప్రమాణం వచ్చి, సన్నని కేబుళ్లు వాటి స్థానాన్ని ఆక్రమించాక ఆ బాధ తీరింది. ముందు భాగమంతా జాలీ ఉన్న నేటి క్యాబినెట్లో నాలుగు వైర్లు అడ్డదిడ్డంగా ఉన్నంత మాత్రాన ఉష్ణోగ్రత పెద్దగా మారదు. నా మటుకు ఈ పనికి అసలు కారణాలు వేరు. వదులుగా ఉన్న వైరు ఫ్యాను రెక్కకు తగిలి టకటకమని కొట్టుకోవచ్చు, కొన్నిసార్లు ఫ్యానునే ఆపివేయవచ్చు. వేలాడే కేబులు బరువు కనెక్టర్‌ను నిరంతరం ఒకవైపు లాగుతూ ఉంటుంది. చిక్కుపడిన వైర్ల మీద దుమ్ము పేరుకుంటుంది, అక్కడికి బ్రష్షు చేరదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఏడాది తర్వాత ర్యామ్ మార్చడానికో, కొత్త డిస్కు చేర్చడానికో పలక తెరిచినప్పుడు ఏ వైరు ఎక్కడికి పోతుందో చూడగానే తెలియాలి. అందుకే, విప్పడానికి వీలులేకుండా బిగించిన పొందికను నేను పొందికగా లెక్కించను.

ఉదాహరణకు ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కూర్చే ఒక అమరికను తీసుకుందాం. 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ఏటీఎక్స్ మదర్‌బోర్డు, అది పట్టే మిడ్ టవర్ క్యాబినెట్, అడుగున లోహపు కప్పు కింద ఒదిగే ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్ మీద నిలువుగా నిలబడే ఎయిర్ కూలర్, ముందు మూడు, వెనుక ఒకటి చొప్పున నాలుగు ఫ్యాన్లు, రెండు 8 పిన్నుల కనెక్టర్లు కోరే గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ, ఒక పాత 3.5 అంగుళాల హార్డ్ డిస్కు. రంగుల లైట్లేవీ లేకుండానే ఇందులో పదిహేను కేబుళ్లు లెక్కకు వస్తాయి: మదర్‌బోర్డుకు 24 పిన్నులది, ప్రాసెసర్‌కు 8 పిన్నులది, గ్రాఫిక్స్ కార్డుకు రెండు, డిస్కుకు కరెంటు ఒకటి, డేటా ఒకటి, ముందు ప్యానెల్ నుంచి స్విచ్చు వైర్లు, యూఎస్‌బీ రెండు రకాలు, ఆడియో, ఫ్యాన్లకు నాలుగు, కూలర్‌కు ఒకటి. ఎం.2 ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డులోనే దిగుతుంది కాబట్టి దానికి కేబులే లేదు. నిల్వ అంతా ఎం.2లోనే సరిపెట్టుకోగలిగినవారికి రెండు కేబుళ్ల బెడద అక్కడికక్కడే తప్పుతుంది.

కొనేటప్పుడే చూసుకోవలసినవి

సగం పని దుకాణంలోనే తేలిపోతుంది. మదర్‌బోర్డును బిగించే లోహపు పలకకూ, దాని వెనుక మూతకూ మధ్య ఎంత ఖాళీ ఉందన్నదే క్యాబినెట్లో చూడవలసిన మొదటి విషయం. అది 20 మిల్లీమీటర్లకు లోపు ఉంటే 24 పిన్నుల కేబులు మందానికే మూత ఉబ్బుతుంది. 25 దాటితే ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ తర్వాత చూడవలసినది, బోర్డు పక్కన కేబుళ్లు దాటేందుకు రబ్బరు అంచున్న పెద్ద రంధ్రాలు, బోర్డు పైభాగాన ఎడమ మూలలో ప్రాసెసర్ కేబులు కోసం ఒక రంధ్రం, పలక వెనుక వైపు టైలు దూర్చడానికి చిన్నచిన్న కొక్కేలు ఉన్నాయా లేవా అన్నది. ప్రకటనల బొమ్మల్లో ముందువైపు గాజు పలకే కనిపిస్తుంది. వెనుకవైపు ఎవరూ చూపించరు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లి కొనేవారు, ప్రదర్శనకు పెట్టిన క్యాబినెట్ వెనుక మూత ఒకసారి తీసి చూపమని అడగటానికి మొహమాటపడనక్కరలేదు.

ఎస్‌ఎంపీఎస్‌లు మూడు రకాలు. కేబుళ్లన్నీ పెట్టె నుంచే పుట్టుకొచ్చి ఊడనివి ఒక రకం. 24 పిన్నులది, ప్రాసెసర్‌ది మాత్రం అతికి ఉండి మిగిలినవి ఊడివచ్చేవి రెండో రకం. అన్నీ ఊడివచ్చే పూర్తి మాడ్యులర్ మూడో రకం. ధర కుదిరితే మూడోది, కుదరకపోతే రెండోది తీసుకోవడం మంచిది. ఎలాగూ ఆ రెండు కేబుళ్లు లేకుండా ఏ కంప్యూటరూ నడవదు కనుక రెండో రకంలో నష్టమేమీ లేదు. మొదటి రకం ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని మార్చనవసరం లేదు, దాని ఉపాయం దానికుంది. అయితే ఏ రకమైనా ప్రాసెసర్ కేబులు పొడవు మాత్రం కనుక్కోవాలి. అడుగున ఎస్‌ఎంపీఎస్ ఉండే ఎత్తైన క్యాబినెట్లో ఆ కేబులు బోర్డు వెనుక నుంచి పైదాకా ఎక్కి, రంధ్రంలోంచి ముందుకు తిరిగి దిగాలి. చవక రకాల్లో అది పొట్టిగా ఉండి, చివరికి బోర్డు ముఖం మీదుగానే అడ్డంగా లాగవలసి వస్తుంది. ఒక దారం తీసుకొని క్యాబినెట్లో ఆ దారి వెంట పరచి, స్కేలుతో కొలుచుకుంటే ఎంత పొడవు కావాలో ఇంట్లోనే తెలిసిపోతుంది.

మాడ్యులర్ కేబుళ్ల విషయంలో ఒక హెచ్చరికను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. బోర్డుకు, డిస్కుకు తగిలే కొసల్లో ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలో ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కు తగిలే కొసకు అలాంటి ప్రమాణం లేదు, అది తయారీదారు ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా ఆ అమరిక మారవచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్ తీసి కొత్తది పెడుతూ, సర్ది ఉన్న కేబుళ్లను కదపడం ఎందుకని వాటినే కొత్తదానికి తగిలిస్తే, 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వచ్చి డిస్కు కాలిపోయే ప్రమాదం ఉంది. కనెక్టర్ సరిగ్గా పట్టింది కదా అన్నది ఇక్కడ ఏ భరోసా ఇవ్వదు. వాడని కేబుళ్లను అవి వచ్చిన సంచిలోనే వేసి, మీద మోడల్ పేరు రాసి దాచుకోవాలి.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కరలేదు. కొసన అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, ఒక టార్చి, ఒక చుట్ట వెల్క్రో పట్టీ, పది పన్నెండు చిన్న కేబుల్ టైలు, గుర్తులు రాసేందుకు కాగితపు టేపు చాలు. టై కొసను కత్తిరించడానికి కటింగ్ ప్లయర్ వాడితే మొనదేలిన ముక్క మిగిలి, తర్వాత ఎప్పుడో చేయి పెట్టినప్పుడు గీరుకుపోతుంది. ఇంట్లో ఉండే నెయిల్ కట్టర్ ఆ కొసను మొదలంటా నున్నగా తీసేస్తుంది. రబ్బరు బ్యాండ్లు వద్దు, లోపలి వేడికి అవి కొన్ని నెలల్లో పెళుసెక్కి తెగిపోతాయి. ఎలక్ట్రీషియన్ల నల్ల టేపు కూడా వద్దు, వేసవిలో దాని జిగురు కారి వైరంతా అంటుకుంటుంది. సామాన్లతో పాటు ప్యాకింగులో వచ్చే మెలితిప్పే తీగల్లో లోపల ఇనుప తీగ ఉంటుంది కాబట్టి వాటినీ బయటే ఉంచడం క్షేమం.

బోర్డు బిగించక ముందు

ప్లగ్గు తీసి, క్యాబినెట్‌ను బల్ల మీద నిలబెట్టి, రెండు వైపులా మూతలు తొలగించాలి. ముందు ప్యానెల్ వైర్లు తయారీ సమయంలో ఒక ముద్దగా చుట్టి ఉంటాయి. వాటిని విప్పి, అన్నింటినీ పలక వెనుకవైపుకు లాగి వదలాలి. ఇకనుంచి ఏ కేబులైనా వెనుకవైపే పుట్టి, వెనుకవైపే ప్రయాణించి, తాను తగలవలసిన చోటుకు అతి దగ్గరలో ఉన్న రంధ్రంలోంచి మాత్రమే ముందుకు రావాలి అన్నది నియమం. పేట మధ్యలోంచి నడవకుండా సందులోంచి వచ్చి నేరుగా ఆ ఇంటి గుమ్మం ముందు తేలినట్టు ఉండాలి.

ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ అయితే, దాన్ని లోపలికి తోయక ముందే కావలసిన కేబుళ్లను దానికి తగిలించాలి. ఒకసారి ఆ లోహపు కప్పు కిందికి వెళ్లాక అక్కడ చీకటి, చేయి తిరగదు, కనెక్టర్ సగమే దిగినా తెలియదు. ఊడని రకమైతే వాడని కేబుళ్లను ఆ కప్పు కింద, డిస్కుల అర పక్కనున్న ఖాళీలో దాచాలి. వాటిని ఉండగా చుట్టి కుక్కితే ఆ ఉండ పెద్దదై చోటు చాలదు. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు అటూ ఇటూ సమానంగా మడుచుకుంటూ వెళ్లి, మధ్యలో ఒక వెల్క్రో పట్టీ చుడితే అదే కేబులు సగం చోటులో బల్లపరుపుగా ఒదుగుతుంది. మిగులు పొడవున్న ఏ కేబులుకైనా ఇదే మడత పనికివస్తుంది.

ఇప్పుడు, బోర్డు ఇంకా బయట ఉండగానే, ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబులును వెనుక నుంచి పైకి ఎక్కించి, ఎడమ మూల రంధ్రంలోంచి కొస ముందుకు వచ్చేలా ఉంచాలి. కొన్ని క్యాబినెట్లలో బోర్డు బిగిసిన తర్వాత ఆ రంధ్రంలో కనెక్టర్ దూరేంత సందు మిగలదు. ఇక కూలర్, లేదా నీటితో చల్లబరిచే రకమైతే పైన దాని రేడియేటర్, వచ్చి చేరాక అక్కడ రెండు వేళ్లు పెట్టడమే గగనం. బోర్డును దింపి స్క్రూలు బిగించగానే మొదట తగిలించవలసినది ఇదే. ఎత్తైన కూలర్ ఆ తర్వాత ఎక్కాలి. ఈ కనెక్టర్ 4, 4 పిన్నుల రెండు ముక్కలుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6, 2 పిన్నులుగా విడిపోతుంది. రెండూ 8 పిన్నులవే అయినా ఒకదానిలో 12 వోల్టులు ఉన్న వైపు మరొకదానిలో గ్రౌండ్, అంటే సున్నా వోల్టుల తీగ ఉంటుంది. సరైనది తేలికగా దిగుతుంది. బలం పెట్టవలసి వస్తోందంటే చేతిలో ఉన్నది రెండోది కావచ్చునని ఆగి చూడాలి.

బోర్డు బిగించాక

24 పిన్నుల కేబులే మొత్తంలోకి మందమైనది, మొండిది. బోర్డు కుడి అంచు పక్కనున్న రంధ్రాల్లో దాని సాకెట్టుకు సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. కిందిదాంట్లోంచి తెచ్చి పైకి లాగకూడదు. తగిలించే ముందు కేబులు కొసను చేత్తో రెండు మూడుసార్లు మెల్లగా వంచి ఆ వంపు అలవాటు చేస్తే, తర్వాత అది బోర్డును పక్కకు నెట్టదు. నొక్కేటప్పుడు బోర్డు వంగకుండా క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, రెండో చేతి వేళ్లతో ఆ అంచును కింది నుంచి ఆనించాలి. పక్కనున్న చిన్న కొక్కెం క్లిక్కుమని పడే వరకు అది తగిలినట్టు కాదు.

తర్వాత ముందు ప్యానెల్ వైర్లు. ఇవి చాలావరకు బోర్డు కింది అంచున తగులుతాయి, గ్రాఫిక్స్ కార్డు పెట్టాక ఆ అంచు కనపడదు కాబట్టి ఇప్పుడే ముగించాలి. పవర్ స్విచ్చుకూ, రీసెట్ స్విచ్చుకూ ఎటు తగిలించినా ఫరవాలేదు. లైట్ల వైర్లకు మాత్రం ప్లస్, మైనస్ ఉంటాయి. తారుమారైతే కాలిపోవడమేమీ ఉండదు, లైటు వెలగదు అంతే. బోర్డు మీద వైరు తగిలే పిన్నుల గుంపును హెడర్ అంటారు. యూఎస్‌బీ 2.0 హెడర్, ఆడియో హెడర్ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. రెండింటిలోనూ 9 పిన్నులే. లేని పదో పిన్ను స్థానం మాత్రం వేరు, దాన్ని బట్టే పోల్చుకోవాలి. ఆడియోది సాధారణంగా బోర్డు ఎడమ కింది మూలలో ఉంటుంది. దాని వైరు ఎప్పుడూ పొట్టిగానే వచ్చినట్టు అనిపించడానికి కారణం కూడా అదే, అందరికంటే దూరం పోవలసినది అదే కదా. దాన్ని బోర్డు వెనుక ఐమూలగా లాగి, ఎడమ మూలకు దగ్గరలో ఉన్న సందులోంచి పైకి తీస్తే పొడవు చాలుతుంది. యూఎస్‌బీ 3.0 కేబులు సంగతి వేరు. 19 పిన్నుల పెద్ద కనెక్టర్, దాని వెనుక కర్రలా బిగుసుకున్న కేబులు. తిన్నగా దించాలి, తీసేటప్పుడు తిన్నగా పైకి లాగాలి. అటూ ఇటూ ఊపితే బోర్డు మీది పిన్నులు వంగుతాయి, కొన్నిసార్లు సాకెట్టు ప్లాస్టిక్ గోడే కనెక్టర్‌తో పాటు ఊడి వస్తుంది.

ఫ్యాన్ల విషయంలో చాలామందికి తట్టని చిన్న కిటుకు ఒకటుంది. చదరంగా ఉండే ఫ్యానును నాలుగు దిక్కుల్లో ఎటు తిప్పి బిగించినా గాలి ఒకేలా వీస్తుంది. మారేది వైరు బయటికి వచ్చే మూల మాత్రమే. కాబట్టి స్క్రూలు బిగించే ముందే ఆ మూల వెనుక పలక వైపుకు, దగ్గరి రంధ్రం వైపుకు ఉండేలా తిప్పుకుంటే ముందునుంచి వైరే కనపడదు. ముందున్న మూడు ఫ్యాన్లకు మూడు వైర్లను మూడు హెడర్ల దాకా లాగే బదులు, ఒక స్ప్లిటర్‌తో కలిపి ఒకే హెడర్‌కు ఇవ్వవచ్చు. బోర్డు మీది మామూలు ఫ్యాన్ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ వరకు ఇస్తుంది. ఫ్యాను మధ్యలో అంటించిన చీటీ మీద అది ఎంత తీసుకుంటుందో ఉంటుంది, మూడింటినీ కూడి చూసుకోవాలి. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడైతే ఆ హద్దు దాటవు. కూలర్ ఫ్యానును మాత్రం దేనితోనూ కలపకుండా దాని కోసం ప్రత్యేకించిన హెడర్‌కే ఇవ్వాలి, లేకపోతే కంప్యూటర్ మొదలవుతూనే ఫ్యాను లేదంటూ ఆగిపోవచ్చు. రంగుల లైట్లున్నవారు ఇంకొకటి గమనించాలి: మూడు పిన్నుల ఏఆర్‌జీబీ 5 వోల్టులది, నాలుగు పిన్నుల పాత ఆర్‌జీబీ 12 వోల్టులది. 5 వోల్టుల లైట్లను 12 వోల్టుల హెడర్‌కు ఎలాగో దూర్చితే అవి అక్కడికక్కడే చనిపోతాయి.

హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా డేటా కేబులును మరీ కొక్కెంలా విరవకూడదు. వెనుక మూతకు దగ్గరగా ఉండే అరల్లో, కొస ఎల్ ఆకారంలో వంగి ఉన్న కేబులు తీసుకుంటే మూత దాన్ని నొక్కదు. డిస్కుకు కరెంటు నేరుగా ఎస్‌ఎంపీఎస్ సాటా కేబులు నుంచే ఇవ్వాలి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే, ప్లాస్టిక్ పోతపోసిన చవక అడాప్టర్లు లోపల తీగలు కలిసి కాలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగవలసినది

అన్నింటికంటే ఎక్కువ కరెంటు ఈ కేబుళ్లలోనే పారుతుంది కాబట్టి ఇక్కడ అందం రెండో మాట. కార్డు తన స్లాటు నుంచి 75 వాట్ల వరకు తీసుకుంటుంది. 8 పిన్నుల కనెక్టర్ ఒక్కొక్కటి ప్రమాణం ప్రకారం 150 వాట్లు ఇస్తుంది. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో ఒకే కేబులుకు రెండు కనెక్టర్లు తోకలా వేలాడుతూ ఉంటాయి. రెండు కేబుళ్లెందుకు, ఒక్కదానితో పోతుంది కదా, చూడటానికీ బాగుంటుందని దాని రెండు కొసలనే కార్డుకు తగిలిస్తారు. చిన్న కార్డుకు అది నడుస్తుంది. రెండు కనెక్టర్లనూ నిజంగా వాడుకునే కార్డుకు మాత్రం రెండు వేర్వేరు కేబుళ్లు లాగి, మిగిలిన తోకలను వెనక్కి మడిచి కట్టడమే సరైన పని. రెండు కేబుళ్లు పక్కపక్కనే సమంగా వస్తే అదీ అందంగానే ఉంటుంది.

కొత్త కార్డుల్లో వచ్చిన 16 పిన్నుల కనెక్టర్‌కు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. 2022లో ఎస్‌ఎంపీఎస్‌ల ఏటీఎక్స్ 3.0 ప్రమాణంతో పాటు వచ్చిన ఈ చిన్న కనెక్టర్ ఒక్కటే 600 వాట్ల వరకు మోస్తుంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల్లో కొన్నింటికి ఇది కరిగిపోవడం పెద్ద చర్చ అయింది. కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణంగా బయటపడింది. 2023లో దీన్ని సవరించి, గుర్తింపు పిన్నులను పొట్టిగా చేశారు. సగం దిగినప్పుడు కార్డు కరెంటు తీసుకోకుండా ఉండాలన్నది ఆ మార్పు ఉద్దేశం. కేబుళ్లు సర్దేవారికి ఇందులో పాఠం ఏమిటంటే, కనెక్టర్ దగ్గరే కేబులును వంచి మూత కింద ఇరికించకూడదు. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్లు కేబులు తిన్నగా వచ్చాకే వంపు మొదలు కావాలి. అందుకు పక్క గాజు పలకకూ కార్డు అంచుకూ మధ్య చోటు కావాలి. ఆ చోటు లేని క్యాబినెట్లో ఆ కార్డు పెట్టకపోవడమే మేలు. తగిలించాక టార్చి వేసి, కనెక్టర్‌కూ సాకెట్టుకూ మధ్య సందు ఏమాత్రం లేదని కళ్లతో చూసుకోవాలి.

కట్టడానికి ముందు, కట్టేటప్పుడు

ఇక్కడ ఒకసారి ఆగి, ప్లగ్గు పెట్టి కంప్యూటర్‌ను నడపాలి. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా, డిస్కులన్నీ కనపడుతున్నాయా, ముందున్న యూఎస్‌బీలు, ఆడియో పనిచేస్తున్నాయా అని చూసుకున్నాకే టై చేతికి తీసుకోవాలి. నేను మొదటిసారి కూర్చినప్పుడు ఈ మెట్టు దాటవేశాను. ముప్ఫై దాకా టైలు బిగించి, వెనుకవైపంతా కొబ్బరి తాడు పేనినట్టు చేశాక ముందు ఫ్యాను ఒకటి తిరగడం లేదని తెలిసింది. టైలు కోస్తూ బ్లేడుతో పక్క ఫ్యాను వైరు కూడా గీశాను. ఆ వైరు అతుకు ఇప్పటికీ ఆ క్యాబినెట్లో ఉంది.

మళ్లీ ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోయాక వెనుకవైపు మొదలుపెట్టాలి. 24 పిన్నుల కేబులు వచ్చే నిలువు దారినే కాండంగా భావించి, మిగిలినవి దానిలోంచి కొమ్మల్లా విడిపోయేలా చూడాలి. మందమైనవి పలకకు ఆనుకొని పక్కపక్కన పరుచుకోవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ చోటే మూత ఉబ్బుతుంది. సన్నని ఫ్యాను వైర్లు, స్విచ్చు వైర్లు వాటి మధ్య గాడిలో ఒదుగుతాయి. మొదట అన్ని చోట్లా వెల్క్రోతో వదులుగా పట్టించి, అంతా కుదిరిందనుకున్నాక మాత్రమే ఇక కదపనక్కరలేని కేబుళ్లకు, అంటే 24 పిన్నులదానికీ ప్రాసెసర్‌దానికీ, ప్లాస్టిక్ టైలు వేస్తే చాలు. డిస్కు కేబుళ్లకూ ఫ్యాను వైర్లకూ వెల్క్రోనే ఉంచాలి. అవే తరచుగా మారేవి. టై ఎంత బిగించినా, కట్టలోని ఒక వైరును వేలితో జరిపితే జరగాలి. కనెక్టర్ దగ్గర ఎప్పుడూ కొంచెం వదులు మిగలాలి, లాగిన వీణ తీగలా ఉండకూడదు.

మూత పట్టకపోతే మోకాలితో అదిమి బిగించే అలవాటు చాలామందిలో ఉంది. ఆ ఒత్తిడి అంతా సాటా కనెక్టర్ల మీదో, 24 పిన్నుల కేబులు వంపు మీదో పడుతుంది. మూత ఎక్కడ ఉబ్బుతోందో అరచేత్తో తడిమి చూసి, అక్కడి కట్టను విప్పి రెండుగా పరిస్తే సాధారణంగా సమస్య తీరుతుంది.

పాత క్యాబినెట్ ఉన్నవారికి

ఇంట్లో పదిహేనేళ్లనాటి క్యాబినెట్ ఉండి, అందులోనే కొత్త బోర్డు పెట్టుకునేవారు మన దగ్గర తక్కువేం కాదు. అలాంటివాటిలో ఎస్‌ఎంపీఎస్ పైన ఉంటుంది, పలకకు రంధ్రాలుండవు, వెనుక సందు వేలెడంత కూడా ఉండదు. దీనిలో దాచడం మానుకొని, దారి తప్పించడం చూసుకోవాలి. సీడీ డ్రైవు కోసం ముందుభాగాన ఉండే 5.25 అంగుళాల ఖాళీ అరే ఇక్కడ సామాన్ల గది. వాడని కేబుళ్లన్నింటినీ కుచ్చిళ్లుగా మడిచి అందులో దోపవచ్చు. 24 పిన్నుల కేబులును బోర్డు మీదుగా కాక క్యాబినెట్ ముందు చట్రం వెంట కిందికి దించి పక్కనుంచి తేవాలి, స్విచ్చు వైర్లను అడుగు అంచు వెంట పరచి రెండు చోట్ల చట్రానికి కట్టాలి. కూలర్ ఫ్యాను ముందు, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ల కింద ఏ వైరూ లేకపోతే ఆ క్యాబినెట్‌కు అది చాలు. ఇలాంటి లోహపు చట్రాల అంచులు పదునుగా ఉంటాయి. వైరు ఒరుసుకునే చోట ముందుగా కాగితపు టేపు రెండు మూడు పొరలు చుట్టాలి.

దారం తొడిగిన రంగు రంగుల ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు, వాటిని వరుసగా నిలిపే ప్లాస్టిక్ దువ్వెనలు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. గాజు పలకలోంచి అవి ఎంత ముచ్చటగా కనిపించినా, ముందు చూపే ఆ 30 సెంటీమీటర్లకు బదులుగా వెనుక అంత పొడవును అదనంగా దాచవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి. వెనుక సందు ఇరుకైనవారికి నేను వాటిని సిఫారసు చేయను. సాకెట్లన్నీ బోర్డు వెనుకవైపే ఉండే కొత్త రకం మదర్‌బోర్డులను అసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్ తెచ్చాయి. వాటితో ముందువైపు దాదాపు ఒక్క వైరూ కనపడదు, అయితే ఆ రంధ్రాలకు సరిపోయే క్యాబినెట్ కూడా కొనాలి.

దసరాకు ఆయుధ పూజ రోజున క్యాబినెట్‌కు బొట్టు పెట్టేవారు, దానికి ముందురోజే మూతలు తీసి దుమ్ము దులిపితే వేసవి దుమ్మంతా పోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. వెనుక ఖాళీ స్లాట్ల రేకులు ఊడి ఉంటే అప్పుడే బిగించాలి, బల్లులు లోపలికి వచ్చేది ఆ సందుల్లోంచే. ఇక చివరిగా వెనుక మూత పెట్టే ముందు, కట్టిన కేబుళ్లన్నీ కనిపించేలా ఫోనుతో ఒక ఫొటో తీసి, ఏ ఫ్యాను ఏ హెడర్‌కు వెళ్లిందో ఆ ఫొటో మీదే రాసి పెట్టుకోవాలి. రెండేళ్లకు ఒక డిస్కు చేర్చవలసి వచ్చినప్పుడు మూత తీయకుండానే ఖాళీ సాటా కొస ఎక్కడుందో అందులో కనిపిస్తుంది.